ఇంతకీ నువ్వేటంటావు?

ప్రశ్న: మాస్టారూ, నమస్తే. నేను విశాఖలో ఎం.ఏ. జాగ్రఫీ ఆఖరి సెమిస్టర్ చదువుతున్నాను. మాది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. డిజర్టేషన్‌కి ‘విశాఖ తీరంలో ఒడ్డు కోత, మత్స్యకారుల బతుకు’ అనే విషయం తీసుకున్నాను. ఐదు నెలల్లో ముప్పై ఎనిమిది పేపర్లు చదివాను. ఒక్కోదానికి ఒక్కో పేరా రాస్తే లిటరేచర్ రివ్యూ ముప్పై రెండు పేజీలు వచ్చింది. గైడ్ గారు తిరగేసి, మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో ‘ఇందులో నువ్వెక్కడ?’ అని రాశారు. ఇంకోచోట ‘థీసిస్ ఏది?’ అని రాశారు. నేను ఇచ్చిందే థీసిస్ కదా అనుకున్నాను, అడగడానికి భయం వేసింది. పైగా పేపర్లన్నీ తలో మాట చెబుతున్నాయి. కొందరు కోతకి హార్బర్ కారణమంటారు, కొందరు తుఫానంటారు, కొందరు బీచ్ రోడ్డు గోడలంటారు. ఎవరి మాట నమ్మాలి? జూన్ నెలాఖరుకి సబ్మిట్ చెయ్యాలి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అయినా అంత పెద్ద సైంటిస్టుల మీద అభిప్రాయం చెప్పడానికి నేనెంతటిదాన్ని మాస్టారూ?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

సమాధానం: అమ్మా,

ముందు ఆ ఎర్ర పెన్ను సంగతి. మార్జిన్‌లో రెండు ప్రశ్నలు రాశారంటే మీ గైడ్ గారు నీ కాగితాలు చదివారన్నమాట. చదవకుండా సంతకం పెట్టి పంపేసేవాళ్లను నా సర్వీసులో బోలెడంతమందిని చూశాను. కాబట్టి భయం పక్కన పెట్టి ఆయన దగ్గరికి వెళ్లు. వెళ్లే ముందు ఏం చేసుకోవాలో చెబుతాను.

‘థీసిస్’ అనే మాట దగ్గర నువ్వు తికమకపడ్డావంటే అందులో నీ తప్పేమీ లేదు. మన దగ్గర థీసిస్ అంటే నల్ల రెక్సిన్ అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు, రేపు ఇస్తానని మూడ్రోజులు తిప్పే బైండింగ్ షాపు. మీ గైడ్ గారు అడిగింది ఆ పుస్తకాన్ని కాదు. ఆ పుస్తకమంతా ఏ ఒక్క మాటని నిలబెట్టడానికి రాశావో, ఆ మాటని. తెలుగులో దాన్ని సిద్ధాంత గ్రంథం అంటాం కదా, ఆ ‘సిద్ధాంతం’ ఎక్కడిదో చూడు. మన పాత శాస్త్ర చర్చల్లో ఒక వరస ఉంది. ముందు విషయం, తర్వాత దాని మీద సంశయం, ఆ పైన పూర్వపక్షం, అంటే ఇదివరకటివాళ్లూ ఎదుటివాళ్లూ చెప్పే మాట. అది పూర్తిగా విప్పి చెప్పాకే తన సిద్ధాంతం. నీ ముప్పై రెండు పేజీల్లో విషయం ఉంది, పూర్వపక్షం కావలసినదానికన్నా ఎక్కువే ఉంది. సంశయం మాత్రం కనబడలేదు. దాన్ని దాటేసి సిద్ధాంతం ఏదని వెతుక్కుంటే ఎక్కడ దొరుకుతుంది?

తమాషా ఏమిటంటే, ఆ సంశయం నీ ఉత్తరంలోనే ఉంది. ‘పేపర్లన్నీ తలో మాట చెబుతున్నాయి, ఎవరి మాట నమ్మాలి?’ అన్నావు చూడు, నీ పని మొదలయ్యేది అక్కడే. దాన్ని నువ్వు అడ్డంకి అనుకుంటున్నావు.

నా కథొకటి చెబుతాను. నేను ఎం.ఫిల్. చేసేటప్పుడు కంప్యూటర్లు లేవు. పోస్టుకార్డు సైజు అట్టముక్కల మీద నోట్సు రాసుకుని బిస్కెట్ డబ్బాలో దాచుకునేవాణ్ణి. నా విషయం విశాఖ రేవు. ఒక పుస్తకంలో రేవు 1933 అక్టోబర్‌లో మొదలైందని ఉంది, ఇంకోదాంట్లో డిసెంబర్ అని ఉంది. రెంటిలో ఏది తప్పో తేల్చాలని వారం రోజులు లైబ్రరీ చుట్టూ తిరిగాను. ఎదురు బల్ల దగ్గర కూర్చునే సీనియర్ ఒకాయన నా అవస్థ చూసి, డబ్బాలోంచి ఆ రెండు కార్డులూ తీయించాడు. రెండింటి మీదా పైన నేను రాసుకున్న శీర్షిక ఒకటే: ‘రేవు తెరిచింది ఎప్పుడు?’

“తెరవడమంటే ఏమిటోయ్?” అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. చూస్తే, అక్టోబర్ 7న మొదటి ప్రయాణికుల ఓడ జలదుర్గ రేవులోకి వచ్చింది. డిసెంబర్‌లో వైస్రాయ్ విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు. రెండు పుస్తకాలూ నిజమే చెప్పాయి. ఒకటి ‘ఓడ ఎప్పుడొచ్చింది’ అన్నదానికి జవాబు, ఇంకోటి ‘సర్కారు ఎప్పుడు తెరిచింది’ అన్నదానికి. రెండు ప్రశ్నల్ని నేనే ఒక కార్డు కింద కట్టేసి, జవాబులు కలవడం లేదని ఏడ్చాను. ఆ రోజు డబ్బా మొత్తం బల్ల మీద బోర్లించి, ప్రతి కార్డు పైనా ‘ఇది ఏ ప్రశ్నకి జవాబు?’ అని రాసుకుంటూ పోయాను. నాలుగు రోజులు పట్టింది. అంతకు ముందు ఏడాదిలో నేర్చుకోనిది ఆ నాలుగు రోజుల్లో నేర్చుకున్నాను.

ఇప్పుడు నీ మూడు గుంపుల్నీ అలాగే అడుగుదాం.

హార్బర్ అనేవాళ్లు చెప్పేది ఇది. మన తూర్పు తీరంలో ఇసుక ఒకచోట నిలవదు. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు దాన్ని ఉత్తరానికి నెడతాయి, ఈశాన్య రుతుపవనాలప్పుడు దక్షిణానికి. మొత్తం ఏడాది లెక్క తీస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఆ దారికి అడ్డంగా డాల్ఫిన్ నోస్ దగ్గర హార్బర్ గోడలు ఉన్నాయి. 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది. దక్షిణం వైపు నుంచి వచ్చే ఇసుక అక్కడ ఆగితే, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కి రాబడి పడిపోతుంది. పోర్టువాళ్లు ఆగిన ఇసుకని తవ్వి గొట్టాలతో బీచ్‌లోకి పోయడం నువ్వు చూసే ఉంటావు. ఇదంతా ఏళ్ల తరబడి సాగే వ్యవహారం.

తుఫాను అనేవాళ్లు 2014 అక్టోబర్ 12 గురించి, అంటే హుద్‌హుద్ గురించి మాట్లాడుతున్నారు. అది ఒక్క రోజు దెబ్బ. ఇక గోడలనేవాళ్ల మాట వేరు. సముద్రం ముందుకొస్తే బీచ్ వెనక్కి జరగడానికి చోటుండాలి, వెనక రోడ్డూ గోడా ఉంటే ఎటు జరుగుతుంది? పైగా అల గోడకి కొట్టుకుని వెనక్కి వెళ్తూ కాళ్ల కింది ఇసుకని లాక్కుపోతుంది.

ఇంటి లెక్కలాగా చూడు. నెలనెలా వచ్చే జీతం తగ్గిపోయింది. ఆ మీద ఒక పెళ్లి ఖర్చు వచ్చి పడింది. చిన్న ఇంట్లోకి మారదామంటే వీలు లేదు. ఈ ఇల్లు ఎందుకు చితికిందంటే ముగ్గురు బంధువులు మూడు కారణాలు చెబుతారు. ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు. (ఇది నా సొంత పోలిక కూడా కాదు. తీరం మీద పనిచేసే ఇంజినీర్లు ‘ఇసుక బడ్జెట్’ అనే అంటారు.) ‘దశాబ్దాలుగా ఇసుక ఎందుకు తగ్గుతోంది’, ‘ఆ ఒక్కసారే అంత ఎందుకు పోయింది’, ‘పోయిన ఒడ్డు ఎందుకు కోలుకోవడం లేదు’ – మూడు గుంపులవి మూడు ప్రశ్నలు.

అలాగని పేపర్లన్నీ చివరికి ఒకటే చెబుతాయని అనుకోకు. నిజంగా ఢీకొనేవీ ఉంటాయి. ఒకే చోటు, అవే ఏళ్లు, ఒకరు కోత అంటారు, ఇంకొకరు మేట అంటారు. అప్పుడు ముగింపు పేరాలు వదిలేసి, ఎలా కొలిచారో రాసిన భాగానికి వెళ్లు. మనవాళ్లు సాధారణంగా దాటేసే భాగం అదే. ‘ఒడ్డు’ అని దేన్ని అన్నారు? తడి ఇసుక గీతనా, పెద్ద పోటు వచ్చే గీతనా, మొక్కలు మొదలయ్యే చోటునా? ఫొటో ఏ నెలది? వానాకాలంలో సన్నబడిన బీచ్ వేసవికి మళ్లీ వెడల్పవుతుంది. ఫొటో తీసిన గంటలో సముద్రం పోటు మీద ఉందా, పాటు మీద ఉందా? ఉపగ్రహం ఏది? ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక చుక్క నేల మీద 30 మీటర్లు, సెంటినెల్-2లో అయితే 10 మీటర్లు. 30 మీటర్ల చుక్కతో చూసినవాళ్లు 8 మీటర్ల కోత గురించి గట్టిగా చెబుతుంటే, ‘ఎలా చెప్పగలిగారు?’ అని అడిగే హక్కు నీకుంది. నేనెంతటిదాన్ని అన్నావు కదా. చుక్కకన్నా చిన్న తేడాని పట్టడానికి వాళ్లు ఏదైనా పద్ధతి వాడి ఉండొచ్చు, వాడితే అది పేపర్లో రాసి ఉంటుంది. చదివి అడిగే ప్రశ్నకి డిగ్రీతో పని లేదు.

ఇదంతా మనసులో పెట్టుకుని చెయ్యలేవు, పట్టిక వెయ్యాలి. ఎక్సెల్‌లో వేసుకుంటావో, పాత క్యాలెండర్ల వెనకవైపు అతికించి గోడకి పెట్టుకుంటావో నీ ఇష్టం. నేనైతే గోడకే ఓటేస్తాను, పళ్లు తోముకుంటూ కూడా కనబడుతుంది. అడ్డ వరసల్లో ముప్పై ఎనిమిది పేపర్లు. నిలువు గళ్లలో ప్రశ్నలు: ఏ చోటు, ఏ ఏళ్లు, ఎలా కొలిచారు, ఒడ్డు అంటే వాళ్ల లెక్కలో ఏది, కారణం ఏమన్నారు, మత్స్యకారులు ఎక్కడైనా కనబడ్డారా. ఒక్కో గడిలో ఆరేడు మాటలు దాటకూడదు.

నింపేశాక దాన్ని అడ్డంగా చదవకు, నిలువుగా చదువు. ఇప్పటిదాకా నువ్వు రాసిందంతా అడ్డంగా చదివినది, పేపరు తర్వాత పేపరు. నిలువుగా చదివితే ‘ఏ ఏళ్లు’ గడి దగ్గరే గుంపులు వాటంతటవే విడిపోతాయి. చివరి గడిలో ఖాళీలు ఎన్నున్నాయో లెక్కపెట్టు. ఆ ఖాళీలే నీ డిజర్టేషన్‌కి చోటు.

రాతలో తేడా ఎలా వస్తుందో చూపిస్తాను. పేర్ల బదులు అక్షరాలు పెడుతున్నాను. ఇప్పుడు నీ పేరా బహుశా ఇలా ఉండి ఉంటుంది:

“‘అ’ గారు హార్బర్ గోడల వల్ల ఇసుక ఆగిపోతోందని అన్నారు. ‘ఆ’ గారు హుద్‌హుద్ తుఫాను వల్ల ఒడ్డు కోతకు గురైందని అన్నారు. ‘ఇ’ గారు బీచ్ రోడ్డు గోడల వల్ల కోత పెరిగిందని అన్నారు.”

ఈ మూడు వాక్యాల్నీ పేకముక్కల్లా కలిపి ఎలా పేర్చినా ఏమీ చెడదు. ఒకటి తీసేసినా మిగతావాటికి తెలియదు. ఏ పేరా రాసినా ఈ కలిపే పరీక్ష పెట్టి చూసుకో. వరస మార్చినా చెక్కు చెదరలేదంటే అది జాబితా అన్నమాట. ఇప్పుడు ఇది చూడు:

“కోతకు కారణమేమిటన్న చర్చలో రచయితలు వేర్వేరు కాలాలను చూస్తున్నారు. దశాబ్దాల మార్పును కొలిచిన ‘అ’ హార్బర్ దగ్గర ఆగే ఇసుకను కారణంగా చూపితే, 2014 అక్టోబర్‌కు ముందూ తర్వాతా కొలిచిన ‘ఆ’ తుఫానును చూపారు. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టెయ్యవు. రాబడి తగ్గిన ఒడ్డుకు తుఫాను దెబ్బ నుంచి కోలుకోవడం కష్టమవుతుంది. వెనక గోడ ఉంటే అది మరింత కష్టమని ‘ఇ’ వాదన. అయితే ముగ్గురూ ఒడ్డును ఇసుకగానే లెక్కించారు. పడవ ఎక్కించుకునే, వల ఆరబెట్టుకునే చోటుగా దాని వెడల్పును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.”

ఇందులో ఒక వాక్యం కదిపితే మిగతాది కూలిపోతుంది. ఆ చివరి రెండు వాక్యాలు ఎవరివి? ‘అ’వి కావు, ‘ఆ’వి కావు, ‘ఇ’వీ కావు. ‘ఇందులో నువ్వెక్కడ’ అన్నారే మీ గైడ్ గారు, అక్కడ. ‘నేను’ అనే మాట ఒక్కసారి కూడా రాకుండానే నువ్వు కనబడుతున్నావు. (నీ పట్టిక అందుకు ఒప్పుకుంటేనే అలా రాయాలి సుమా. ముగ్గురిలో ఒకరు మత్స్యకారుల ఊసెత్తారనుకో, ఆ వాక్యం మార్చాల్సిందే.)

ఇంకో చిన్న విషయం. మూడుసార్లూ ‘అన్నారు’ అని రాస్తే నీ పని సగం చేయనట్టే. కొలిచిన మనిషి వేరు, అంచనా వేసిన మనిషి వేరు, వాదించిన మనిషి వేరు, ఎవరో అన్నది తిరిగి చెప్పిన మనిషి వేరు. క్రియ సరిగ్గా పడితే ఎవరి మాటకి ఎంత బరువివ్వాలో చదివేవాళ్లకి తెలిసిపోతుంది. నువ్వు ఇంగ్లీషులో రాస్తున్నా, ముందు తెలుగులో ‘ఈయన కొలిచాడా, ఊహించాడా?’ అని అడుగు. సరైన ఇంగ్లీషు మాట దానంతటదే తడుతుంది.

సరే, థీసిస్ దగ్గరికి వద్దాం. నా ఎం.ఫిల్. గురించి మా అమ్మకి అరగంట చెప్పానొకసారి. ఆవిడ బడి మొహం చూడలేదు. రైలు కంపెనీ రేవెందుకు కట్టింది, మాంగనీసు ఎక్కణ్ణుంచి వచ్చేది, అన్నీ ఓపిగ్గా విని, చింతపండు పిసుకుతూ, “ఇంతకీ నువ్వేటంటావురా?” అంది. ఆ తర్వాత వైవాలో, అంటే ఎదురుగా కూర్చోబెట్టి అడిగే నోటి పరీక్షలో, నన్నడిగిన ప్రశ్నలన్నీ దానికన్నా తేలికే.

‘ఒడ్డు కోత వల్ల మత్స్యకారులు ఇబ్బంది పడుతున్నారు’ అని నువ్వంటే ఎవరైనా ‘అబ్బే, కాదు’ అంటారా? అనరు. కాదనడానికి వీల్లేని మాట కోసం ముప్పై ఎనిమిది పేపర్లు చదవక్కర్లేదు, ఉదయాన్నే బీచ్ రోడ్డులో నడిస్తే చాలు. కాదనడానికి వీలుండి, నీ దగ్గరున్న ఆధారాలతో నిలబెట్టగలిగే మాట కావాలి. ఉదాహరణకి ఇలా: ‘కోతను తుఫాను నష్టంగా లెక్కించడం వల్ల మత్స్యకారుల నష్టంలో పెద్ద భాగం లెక్కకు రావడం లేదు, ఏటేటా సన్నబడిన ఒడ్డే వాళ్ల పని తీరును మార్చింది.’ దీన్ని కాదనొచ్చు. కాబట్టి ఇది పనికొస్తుంది.

ఇది నిజమని నేను చెప్పడం లేదమ్మా, అది తేల్చాల్సింది నువ్వు. దీనికి గట్టి పూర్వపక్షం ఒకటుంది, అది కూడా చెబుతాను. ఒడ్డు నుంచి పదిమంది కలిసి లాగే పెద్ద వలలు తగ్గాయనుకో. అది ఒడ్డు సన్నబడటం వల్లనా, తెప్పలు పోయి మోటారు పెట్టిన ఫైబర్ పడవలు రావడం వల్లనా? పడవ మారితే పని మారదా? పిల్లలు చదువుకుని వేరే ఉద్యోగాలకి పోవడం వల్ల లాగే చేతులు తగ్గాయేమో? ఈ ప్రశ్నలు వైవాలో ఎదురయ్యేదాకా ఆగకు, నీ అధ్యాయంలోనే పెట్టు, ఎదుటివాడు పెట్టేదానికన్నా బలంగా పెట్టు. జవాబు దొరికితే మంచిది. సగమే దొరికితే నీ వాక్యాన్ని సగానికి తగ్గించుకో: ‘పని తీరును మార్చింది’ బదులు ‘పని తీరు మారడంలో ఒడ్డు వెడల్పుకూ వాటా ఉంది’. అలా తగ్గించుకోవడం ఓటమి అనుకునేవాళ్లున్నారు. నేను పేపర్లు దిద్దినన్నాళ్లూ అలాంటి వాక్యాలకే ఎక్కువ మార్కులు వేశాను.

వాక్యం ఎన్నిసార్లు మారినా కంగారు పడకు. నా దాంట్లో ఏడెనిమిది సార్లు మారింది. కొట్టేసినవి చెరిపేయకుండా తేదీ వేసి ఒక కాగితం మీద ఉంచుకో. రివ్యూ ఆఖరి పేరా రాసేటప్పుడు అవి అక్కరకొస్తాయి, ఎక్కడ మొదలై ఎక్కడికొచ్చావో కనబడుతుంది కాబట్టి.

కాపీ సంగతి నువ్వు అడగలేదు కానీ, పేపరుకో పేరా రాసే అలవాటులో అది తెలియకుండానే దూరుతుంది. సారాంశం లోంచి నాలుగు మాటలు మార్చి దింపేస్తాం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా పోలిక ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా అయితే ఆరు నెలల్లోగా మార్చి మళ్లీ ఇవ్వమంటారు, నీ జూన్ కాస్తా డిసెంబర్ అవుతుంది. పట్టికలోంచి రాస్తే ఈ బెడద చాలావరకు ఉండదు. గడిలో ఉన్నవి నీ ఆరేడు మాటలే కదా. చాట్‌జీపీటీ చేత సారాంశాలు రాయించుకునే వాళ్లకి ఒకటే మాట: అది ఇచ్చే రిఫరెన్సుల్లో అసలు లోకంలో లేని పేపర్లు కూడా ఉండొచ్చు. ప్రతి ఒక్కటీ తెరిచి చూసుకోవాలి. పాత థీసిస్‌ల కోసం శోధగంగ (మన యూనివర్సిటీల థీసిస్‌లు దాచే వెబ్‌సైట్) వెతుకు, కానీ వాటి రివ్యూ అధ్యాయాన్ని మాత్రం నమూనాగా పెట్టుకోకు. చాలావాటిలో నీ ముప్పై రెండు పేజీల జబ్బే ఉంటుంది.

ఇక ‘నేనెంతటిదాన్ని’ అన్నావు. ఆ ముప్పై ఎనిమిది మంది సైంటిస్టుల్లో ఎంతమంది ఒకరి పేపరు ఒకరు చదివి ఉంటారో నాకు అనుమానమే. ఇసుక కొలిచినాయన వలల మీద రాసినావిడని చదివి ఉండడు. అన్నీ పక్కపక్కన పెట్టి చదివినదానివి నువ్వు. వాళ్ల మీద తీర్పు చెప్పమని ఎవరూ అడగడం లేదు. వాళ్లని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఎవరెవరు ఏ ప్రశ్న గురించి మాట్లాడుతున్నారో చెప్పమంటున్నారు.

టైము సరిపోదనుకోకు. పట్టికకి పది రోజులు చాలు, నువ్వు ఇప్పటికే చదివినవే కాబట్టి. ముప్పై రెండు పేజీలు పద్నాలుగో పదిహేనో అవుతాయి, బాధపడకు. ఈలోగా ఇంకో పని ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మరబోట్లూ మోటారు పడవలూ ఒడ్డునే ఉంటాయి, మామూలు రోజుల్లో తెల్లారకుండానే సముద్రం మీదికి పోయే మనుషులు ఇప్పుడు వలలు బాగు చేసుకుంటూ దొరుకుతారు. పెద్దజాలారిపేటకి పొద్దున్నే వెళ్లు, ఎండెక్కితే ఎవరూ మాట్లాడరు. ‘కోత వల్ల మీకు కష్టంగా ఉందా?’ అని అడగకు, అందరూ ఉందనే అంటారు. పడవ ఇదివరకు ఎక్కడ పెట్టేవారో, ఇప్పుడు ఎక్కడ పెడుతున్నారో చూపించమను. ఎప్పుడు మార్చారో, మార్చిన ఏడాది ఇంకేం జరిగిందో అడుగు. మోటారు ముందొచ్చిందా, చోటు ముందు పోయిందా అనేది అక్కడే తేలుతుంది. వాళ్లు చెప్పిందాన్ని ముప్పై తొమ్మిదో వరసగా అదే పట్టికలో రాసుకో. మిగతా ముప్పై ఎనిమిదిని అడిగిన ప్రశ్నలే దాన్నీ అడుగు.

గైడ్ గారి దగ్గరికి వెళ్లేటప్పుడు పాత కట్ట తీసుకెళ్లకు. పట్టిక, దాని కింద నువ్వు నిలబెట్టాలనుకుంటున్న ఒక్క వాక్యం, ఆ వాక్యాన్ని పడగొట్టగల అతి గట్టి అభ్యంతరం. ఒక్క కాగితం. ఆయన చేతికి ఎర్ర పెన్ను కూడా నువ్వే ఇవ్వు.